పొయ్యిగట్టు మీద దేవుని ముంత

డాక్టరమ్మ కాగితాన్ని రెండుసార్లు చదివి, కళ్ళజోడు తీసి, "ఏమీ లేదమ్మా, మామూలు గడ్డే. ఇంటికి వెళ్ళి హాయిగా ఉండండి" అంది. పక్కన కూర్చున్న మా ఆయన పెద్దగా ఊపిరి వదిలాడు. నాకు మాత్రం వెంటనే సంతోషం రాలేదు, ముందు సిగ్గు వచ్చింది. అరవై మూడేళ్ళు వచ్చినదాన్ని, ముప్ఫై ఏళ్ళు బళ్ళో పాఠాలు చెప్పి రిటైరైనదాన్ని. సండేస్కూలు పిల్లలకు దేవుడంటే భయపడొద్దని ఇప్పటికీ చెబుతుంటాను. అలాంటిదాన్ని ఆ రిపోర్టు కోసం కాచుకున్న తొమ్మిది రోజులూ లోపల్లోపల ఒకే మాట అనుకుంటూ గడిపాను. చిన్నప్పుడు దేవుని ముంతలోంచి బియ్యం దొంగిలించాను కదా, దాని శిక్ష ఇప్పుడు వచ్చిందని. ఆ మాట మా ఆయనకు కూడా చెప్పలేదు. నవ్వుతాడని కాదు, నవ్వకుండా నా ముఖంలోకి చూస్తాడేమోనని.

బెంగళూరు నుంచి ధర్మవరం వచ్చే బండిలో కిటికీ పక్కన సీటు దొరికింది. హిందూపురం స్టేషను వచ్చినప్పుడల్లా నాకు ఫినాయిలు వాసన తగులుతుంది. స్టేషనులో ఆ వాసన లేకపోయినా తగులుతుంది. అది దాటాక ఎర్రనేలలు, వేరుశనగ చేలు, అక్కడక్కడా గొర్రెల మందలు, కాసేపటికి పెనుకొండ కొండ కనబడతాయి. కొండను చూడగానే ఏమనిపించిందో ఏమో, సంచీ తీసుకుని లేచి నిలబడ్డాను. "నేను ఇక్కడ దిగి చిన్నమ్మను చూసి సాయంత్రం వస్తాను" అన్నాను. మా ఆయన నలభై ఏళ్ళుగా నన్ను ఎరిగినవాడు. "మంచిదే, ఆమెకు నీ నోటితోనే చెప్పు" అని బండిలోనే ఉండిపోయాడు.

చిన్నమ్మ అంటే మా అమ్మకు చెల్లెలు, కరుణమ్మ. డెబ్బై దాటినా ముద్ద మింగినంత తేలిగ్గా బిందె ఎత్తుకుంటుంది. మా అవ్వ రాహేలమ్మ బతికిన ఇంట్లోనే కొడుకూ కోడలితో ఉంటోంది. ఆ వేళకు వాళ్ళిద్దరూ పనులకు వెళ్ళిపోయారు. గుమ్మంలోనే సంగతి చెబితే నా రెండు చెంపలూ పట్టుకుని, "యేసయ్యా, నీకు వందనాలు" అని, ఆ వెంటనే "చెప్పులు ఈడ ఇడిచి లోపలికి రా" అంది. వంటింట్లోకి వెళ్ళాను. పొయ్యి పోయి గ్యాసు వచ్చింది, మట్టిగట్టు పోయి నల్లరాయి బండ వచ్చింది. ఆ బండ మీద, గ్యాసు పొయ్యి పక్కన, అదే ముంత. మూతికి ఒక గుడ్డముక్క కట్టి ఉంది. అక్కడే పీట లాక్కుని కూర్చున్నాను.

ఆ ముంత గురించి చెప్పాలి. మా క్రైస్తవుల్లో అప్పట్లో ప్రతి ఇంట్లోనూ అలాంటిది ఒకటి ఉండేది. ఆడవాళ్ళు వంటకు బియ్యం తీసుకున్నప్పుడల్లా, కడగకముందే అందులోంచి ఒక పిడికెడు తీసి ఆ ముంతలో వేసేవారు. వారమంతా పోగైన పిడికెళ్ళు ఆదివారం గుడికి, అంటే చర్చికి, తీసుకెళ్ళి, అందరి ముందూ గంపలో పోసేవారు. దాన్నే దేవుని ముంత అనేవాళ్ళం. వినడానికి చిన్న పని. కానీ మా సీమలో ఆ రోజుల్లో బియ్యం అంటే మాటలా? మేము తినేది రాగి సంగటి. సంగటి ఎసట్లో వేయడానికి మాత్రం నాలుగు గింజలు బియ్యం ఉండేవి. అవ్వ ఆ నాలుగు గింజల్లోంచే పిడికెడు తీసేది. అన్నం ముద్ద మాకు పండగనాడు కనబడితే కనబడినట్టు, దేవుడికి మాత్రం రోజూ రెండు పూటలా బియ్యమే. ఇప్పుడు కాలం తిరగబడింది. బియ్యం ఇంటింటికీ వస్తోంది. రాగులు మాత్రం షుగరు వచ్చిందని డాక్టరు రాస్తే తింటున్నాం. గుళ్ళో గంప కూడా పోయింది. ఆదివారం కానుకలు చాలావరకు ఫోనులోంచే వెళ్ళిపోతున్నాయి. ముంత పట్టుకుని వెళ్ళేది మా చిన్నమ్మలాంటి ముసలివాళ్ళు ముగ్గురో నలుగురో. వాళ్ళు పోసినప్పుడు గింజలు జలజలా రాలే చప్పుడు వింటే నేను ఇప్పటికీ తల దించుకుంటాను. దానికి కారణం ఉంది.

నాకు పదేళ్ళ వయసు. మేము ధర్మవరంలో ఉండేవాళ్ళం. మా నాయన ఓబులేసు పట్టుచీరలు నేసేవాడు. అమ్మ పట్టుదారం కండెలకు చుట్టేది. అమ్మది ప్రార్థనల ఇల్లు, నాయనది కాదు. నాయన గుడి మెట్లెక్కేవాడు కాదు గానీ అమ్మ వెళ్తుంటే వద్దనేవాడూ కాదు. "మీ దేవునికి నా దండం కూడా చెప్పు" అని మగ్గం గుంతలోంచే అనేవాడు, వెక్కిరింపుగానో నిజంగానో ఎవరికీ తెలిసేది కాదు. ఒకరోజు ఆ గుంతలోనే ముందుకు వాలిపోయాడు. కడుపులో పుండు పగిలిందన్నారు. హిందూపురం ఆసుపత్రికి తీసుకెళ్ళారు, ఆపరేషను చేశారు. మగ్గం ఆగితే ఇల్లు ఆగినట్టే. అమ్మ నాయన దగ్గర ఆసుపత్రి వరండాలో ఉండిపోయింది. నన్ను పెనుకొండలో అవ్వ దగ్గర దింపారు.

అప్పటికి పెళ్ళి కాని చిన్నమ్మ కూడా అక్కడే ఉండేది. అవ్వ ఇంట్లోనూ కలిమి లేదు. పొద్దున వాకిలి ఊడ్చి, పొయ్యి రాజేసి, ఎసరు పెట్టి, గోనెపట్టా పరుచుకుని అవ్వ మోకాళ్ళూనేది. కళ్ళు మూసుకునేది కాదు, ఎసరు పొంగిపోకుండా చూసుకుంటూనే దేవునితో మాట్లాడేది. "యేసయ్యా, నిన్న చెప్పిందే మళ్ళీ చెప్తాండా, ఇసుక్కోవాకు. అల్లుడు హిందూపురంలో ఉండాడు. ఆ ఆసుపత్రి నీకు తెల్సు గదా, బస్టాండు దాటినంక ఎడం చెయ్యికి వస్తాది. మెట్లెక్కితే మూడో మంచం." దేవుడికి దారి చెప్పేది. ఆయన దారి తప్పి పక్క మంచం వాణ్ణి బాగుచేస్తాడేమోనని భయపడినట్టు. నాకు నవ్వు వచ్చేది, ఆ వెనకే ఏడుపు వచ్చేది. పొయ్యిలో కంపపుల్లల పొగ, గోనెపట్టా పాతవాసన, అవ్వ నోట్లోని ఆకువక్క, ఇవన్నీ కలిసిన వాసనే నాకు చాలా ఏళ్ళు ప్రార్థన వాసన. ప్రార్థన అయ్యాక కొంగుతో ముఖం తుడుచుకుని లేచేది. ఆ లేచే అవ్వ వేరే మనిషి. కూలికి వెళ్ళేది, వచ్చేది, నాకు జడ వేసేది, ఎవరైనా అల్లుడి గురించి అడిగితే "బాగైతాడు, చెప్పినా గదా ఆయప్పకి" అనేది. నాకు దేవుడంటే భయం ఉండేది, అవ్వకు దేవునితో మాటలు ఉండేవి. ఆ తేడా అప్పుడు నాకు తెలియలేదు.

ఒక శుక్రవారం మధ్యాహ్నం అమ్మ బట్టల కోసం వచ్చింది. మనిషి సగమైపోయింది. వంటింటి గోడకు ఆనుకుని అవ్వతో, "సంగటి పెట్టగూడదంటమా. పల్చగా బియ్యం గంజి పొయ్యమంటాండారు. దినానికి నాలుగు మాట్లు. నేను యాడ తేవల్ల?" అంది. అవ్వ దగ్గర ఆ రోజుకు సంగటిలోకి కూడా బియ్యం లేవు. "రేపు కూలి వస్తానే పంపిస్తా. నేను అడుగుతాండా గదా ఆయప్పని" అంది. నేను తల ఎత్తి చూశాను. దూలానికి వేలాడుతున్న ఉట్టిలో దేవుని ముంత ఉంది. ఐదు రోజుల పిడికెళ్ళు.

అవ్వ, అమ్మ పెరట్లో బట్టలు మూటకడుతుంటే నేను రోలు ఎక్కి, గోడలో గూటి అంచు మీద కాలు మోపి, ముంత అందుకున్నాను. మూతికి కట్టిన గుడ్డ విప్పి, అడుగున రెండు పిడికెళ్ళు మాత్రం వదిలి, మిగిలిందంతా ఆ గుడ్డలోనే మూటగట్టి అమ్మ సంచిలో బట్టల అడుగున దాచాను. ముంత మళ్ళీ ఉట్టిలో పెట్టాను. గుడ్డ లేని ముంత చూస్తే ఎవరికైనా తెలిసిపోతుందన్న ఇంగితం లేదు. నాకున్నదల్లా భయం. అది దేవునిది, ముట్టుకుంటే పాపమని అంతవరకే తెలుసు. అమ్మ సంచి భుజాన వేసుకుని బస్సెక్కింది. పిలిచి చెప్పేద్దామా అనుకుంటుండగానే బస్సు కదిలింది.

ఆదివారం రానే వచ్చింది. అవ్వ ఉట్టి దించింది, ముంత చంకన పెట్టుకుంది. మూతికి కొత్త గుడ్డ కట్టి ఉంది. నేను దాన్ని చూశాను గానీ ఆలోచించే స్థితిలో లేను. గుళ్ళో చాపల మీద ఆడవాళ్ళ వైపు కూర్చున్నాం. పాటలయ్యాయి, పాస్టరు అయ్యగారు వాక్యం చెప్పారు, ఆడవాళ్ళు వరసగా లేచి గంపలో పోస్తున్నారు. మా వంతు వచ్చింది. ముంత దాదాపు ఖాళీగా ఉంటుందని నాకొక్కదానికే తెలుసుననుకుని కళ్ళు గట్టిగా మూసుకున్నాను. గింజలు రాలే చప్పుడు చాలాసేపు వినిపించింది. కళ్ళు తెరిచి చూస్తే, ముందు రెండు పిడికెళ్ళ బియ్యం తెల్లగా పడ్డాయి, ఆ మీదట ముంతలోంచి పచ్చపచ్చగా కొర్రలు కారుతున్నాయి. గంపలో తెల్లటి బియ్యం మధ్య పచ్చటి కుప్ప.

ఆడవాళ్ళు ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. ఆడవాళ్ళ సంఘానికి పెద్ద సుందరమ్మ, "ఏం రాహేలమ్మా, దేవునికి కొర్రలు తెస్తివి?" అంది. ఇప్పుడంటే కొర్రలు ప్యాకెట్లలో బియ్యం కంటే ఎక్కువ ధరకు అమ్ముతున్నారు గానీ, అప్పుడు కొర్రలు లేనివాళ్ళ తిండి. అవ్వ ముంత అడుగు తట్టి, చివరి గింజ దాకా రాల్చి, "ఈ వారం మా ఇంట్లో ఉండేది ఇదేమ్మా. ఉండేదే తెచ్చినా. ఆయప్ప ఏమీ అనుకోడులే" అని వచ్చి నా పక్కన కూర్చుంది. నా వైపు చూడలేదు.

నేను ఏమనుకున్నానో చెబితే ఇప్పుడు నాకే నవ్వొస్తుంది. దేవుడే బియ్యాన్ని కొర్రలు చేశాడనుకున్నాను. బైబిలు కథల్లో నీళ్ళు ద్రాక్షరసం కాగా లేనిది, బియ్యం కొర్రలు కావా? ఊరందరి ముందూ నా దొంగతనం బయటపెట్టడానికి చేశాడు. ఇది మొదటి దెబ్బ, రెండో దెబ్బ నాయన మీద పడుతుంది. నేను దొంగిలించిన గంజే తాగుతున్నాడు కదా. మంగళవారం హిందూపురం నుంచి వచ్చిన మనిషి ఒకడు, నాయనకు జ్వరం తగిలిందని, ప్రార్థన చేయమని అమ్మ చెప్పిందని కబురు తెచ్చాడు. అవ్వ గోనెపట్టా పరిచింది, నేనూ పక్కన మోకాళ్ళూనాను. నేనే చేశానని చెబుదామని నోరు తెరిచాను, మాట రాలేదు. అవ్వ నా వీపు మీద చెయ్యి వేసి, "యేసయ్యా, ఈ పిల్ల ఏం చెప్పల్లనుకుంటాందో నీకు తెల్సు. ఇనుకో" అని మాత్రం అంది. ఆ చెయ్యి అలాగే చాలాసేపు ఉంది. నేను ఆ చేతి బరువు కింద ఏడ్చి ఏడ్చి నిద్రపోయాను, పట్టపగలే.

జ్వరం తగ్గింది. మూడు వారాలకు నాయన బస్సు దిగాడు, చొక్కా కొయ్యకు తగిలించినట్టున్నాడు గానీ నడిచి వచ్చాడు. నేను పరుగెత్తి కాళ్ళకు చుట్టుకుంటే, "మెల్లగామ్మే, కుట్లుండాయి" అన్నాడు. ఆ రోజు నాకు కలిగిన ఊరట అంతా ఇంతా కాదు. అమ్మ సంచిలోంచి బట్టలు తీస్తూ, ఉతికి మడతపెట్టిన ఆ పాత గుడ్డను అవ్వ చేతికిచ్చింది. అవ్వ పుచ్చుకుంది. వాళ్ళకు తెలుసని నాకు అర్థమైంది. మర్నాడు పొద్దున చూస్తే ముంత ఉట్టిలో లేదు. అవ్వ దాన్ని కిందికి దించి పొయ్యిగట్టు మీద, తన కళ్ళెదుట పెట్టుకుంది. ఇంక నన్ను నమ్మదు, కనిపెట్టుకుని ఉంటుంది అనుకున్నాను. తిట్టినా బాగుండేది. అవ్వ చనిపోయేదాకా ఆ ముంత అక్కడే ఉంది, నేను చదువుకుని, ఉద్యోగం చేసి, పిల్లల్ని కన్నాక వచ్చినా అక్కడే ఉంది. దాని వైపు చూడకుండానే ఆ వంటింట్లో తిరిగేదాన్ని. పెద్దయ్యాక తెలివి వచ్చింది, కొర్రలు పోసింది అవ్వేనని. కానీ తెలివి వచ్చినంత మాత్రాన పదేళ్ళ పిల్ల ఊరుకుంటుందా? బెంగళూరులో స్కాను బల్ల మీద పడుకోగానే అదే లేచి కూర్చుంది.

పీట మీద కూర్చుని ఇదంతా చిన్నమ్మకు చెప్పాను. జీవితంలో మొదటిసారి ఒకరికి చెప్పాను. ఆమె వింటూ వింటూ చేతిలోని చాట కింద పెట్టేసింది.

"ఏమ్మే ఏస్తరూ, ఇన్నేండ్లూ ఇది కడుపులో పెట్టుకోని తిరుగుతాండావా?" అంది. తర్వాత నవ్వింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. "నేను ఆడనే ఉంటి గదా. శనివారం కూలి నించి వచ్చి అమ్మ ఉట్టి దించింది. చూసి, ఊరికే కింద కూలబడె. నేను 'ఇది ఆ పిల్లదే పని, పిల్చి రెండు తగిలిద్దామా' అంటి. నా మీదికి లేచింది చూడు. 'ఆ పిల్లని ఒక్క మాటన్నావంటే చూడు. తప్పు పిల్లది కాదే, నాది. ఈ బియ్యం జబ్బుపడినోళ్ళకే గదా పంచేది? అల్లుడు ఆడ జబ్బుపడుండాడు. తలకాయ మీద ఉట్టిలో బియ్యం పెట్టుకోని, కింద మోకాళ్ళ మీద కూకోని గంజి ఇయ్యి యేసయ్యా అని అడుగుతాండా. ఆయప్ప ఎప్పుడో ఇచ్చినాడు. నాకు కనపళ్ళే, పదేండ్ల పిల్లకి కనపడె' అనింది. ఆ కూలికిచ్చిన కొర్రలే ముంతలో పోసింది. అడుగున మిగిలిన రెండు పిడికెళ్ళ బియ్యం తీసి పైన వేసింది."

"మరి ముంత కిందికి ఎందుకు దించింది? నా మీద నమ్మకం లేకనే కదా?" అన్నాను.

"నువ్వు రోలెక్కి యాడ కాలిరగ్గొట్టుకుంటావోనని ఒకటి. ఇంగోటి, ఇంట్లో ఎవురికి అవసరమొచ్చినా అందేట్లుండల్ల అనింది. దేవునిది అంత ఎత్తులో ఉంటే ఎట్లా అనింది."

"ఆ మాట నాకు ఎందుకు చెప్పలేదు చిన్నమ్మా?"

"సిగ్గమ్మా. నీకు చెప్పల్లంటే ముందు తన తప్పు చెప్పుకోవల్ల గదా. మీ అవ్వ దేవునికైతే చెప్పుకుంటాది గానీ, మనవరాలికి చెప్పుకుంటాదా?" అని, ఏదో గుర్తొచ్చి మళ్ళీ నవ్వింది. "మీ నాయన ఈడికి వచ్చినప్పుడల్లా నేరుగా పొయ్యికాడికి పోతాండె గదా, ఎందుకనుకుంటివి?"

"బీడీ ముట్టించుకోవడానికి. అమ్మ ప్రతిసారీ తిట్టేది, కడుపు కోసినా బుద్ధి రాలేదని."

"బీడీ లేదు, ఏమీ లేదు. ఆపరేషను తర్వాత బీడీ ముట్టిందే లేదు ఆ మనిషి. ధర్మవరం నించి జేబులో బియ్యం పోసుకోనొచ్చి ముంతలో వేసి పోతాండె. ఒకతూరి నేను చూస్తి. 'మీ అక్కకి చెప్పొద్దు, నన్ను గుళ్ళో కూర్చోబెడతాది' అన్యాడు."

నాయన పోయి పద్దెనిమిదేళ్ళైంది. గుడి మెట్టు ఎక్కకుండానే పోయాడని అమ్మ చివరిదాకా బాధపడింది. పొయ్యి దగ్గర వంగిన ఆయన వీపు నాకు కనబడింది, చొక్కా జేబు బరువుతో ఒక పక్కకు లాగినట్టు. ఎన్నిసార్లు చూశానో ఆ వీపును. తిట్లు తిన్నాడు గానీ చెప్పలేదు. మా ఇంట్లో అందరూ మంచి పనిని దొంగపనిలాగే చేశారని అప్పుడు తెలిసి, నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. చిన్నమ్మ నన్ను ఆపలేదు. తొమ్మిది రోజులుగా గుండె మీద ఉన్నదేదో, కాదు, యాభై ఏళ్ళు దాటినదేదో దిగిపోయినట్టు తేలిగ్గా ఉంది.

"పొద్దన్నుంచి ఏమన్నా తింటివా?" అని అడిగింది.

"ఆకలి లేదు. ఈ తొమ్మిది రోజులూ ఏదీ సరిగ్గా దిగలేదు."

ఆమె లేచి ముంత మూతి గుడ్డ విప్పి, బియ్యం గిన్నెలోకి ఒంపింది.

"చిన్నమ్మా, అది దేవునిది."

"జబ్బుపడినోళ్ళదీ."

"నాకు జబ్బు లేదన్నారు కదా."

"తొమ్మిది దినాలు నువ్వు పడింది జబ్బు గాకుంటే ఏమి మరి?" అని బియ్యం కడిగి, నీళ్ళు ఎక్కువ పోసి గ్యాసు వెలిగించింది. "ఆదివారానికి ఇంట్లో ఏముంటే అది పోస్తాలే. మాకు అలవాటే."

గంజి ఉడుకుతుంటే ఆ వాసనకు కడుపులో ఆకలి లేచింది. నాలుగు ఉప్పుకళ్ళు వేసి, గిన్నె నా ముందు పెట్టింది. ఊదుకుంటూ, నాలిక కాల్చుకుంటూ తాగాను. అడుగున ఉన్న మెతుకులు కూడా వేలితో తీసుకుని తిన్నాను. తర్వాత గిన్నె ఆమె ముందుకు చాచి, ఇంకొంచెం పొయ్యమని నోరు తెరిచి అడిగాను.